తెరచాప కింద మధ్యాహ్నాలు

ఏప్రిల్ 4

పడవ వచ్చింది.

గేటు తీసి, ట్రైలర్‌ను కొంచెం కొంచెంగా వెనక్కి తోసి పెరట్లో పెట్టేసరికి భుజాలు పడిపోయాయి. పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూశారు. చూడనీ. కారు వెనక కట్టుకుని సరస్సు దాకా లాక్కెళ్ళగలిగినంత చిన్న పడవ. ఇద్దరు సుఖంగా, ముగ్గురు ఇరుక్కుని కూర్చోవచ్చు. తెల్లరంగు వెలిసి మీగడరంగులోకి వచ్చింది. తెరచాప కట్టే స్తంభాన్ని విప్పి పడవ మీదే పొడుగ్గా పడుకోబెట్టారు. మా ఇంట్లో అది పట్టే గది లేదు.

మా ఆవిడ తన చెల్లెలి ఇంటికి వెళ్ళిన వారానికే కొన్నాను కాబట్టి తోడల్లుడు ఏదో ఒకటి అనుకుంటాడు. దానికీ దీనికీ సంబంధం లేదు. అక్కణ్ణుంచి తను పనిచేసే ఆసుపత్రికి నడిచి వెళ్ళిపోవచ్చు. ఎక్స్‌రే గదిలో పొద్దుటి షిఫ్టు పడితే ఇక్కణ్ణుంచి రెండు బస్సులు మారాలి. అందుకే వెళ్ళింది. కొన్నాళ్ళకే.

నాకు చిన్నప్పటినుంచీ పడవలంటే ఇష్టం. (నిజమేనా ఇది? రాశాక ఆలోచిస్తున్నాను. సరే, ఉండనీ.)

ఏప్రిల్ 6

పడవ అమ్మినావిడ ఒకప్పుడు జాగ్రఫీ టీచరు. ఇప్పుడు మోకాళ్ళు మాట వినడం లేదని అమ్మేసింది. నడపడం నేర్పిస్తానని సరస్సు ఒడ్డుకు రమ్మంది. ఊతకర్రను ఇసుకలో గుచ్చి, మడతకుర్చీలో కూర్చుని, పడవ ఇంకా మా పెరట్లో ఉండగానే పరీక్ష పెట్టింది.

“గాలి ఎటునుంచి వస్తోంది బాబూ?”

వాతావరణం చూద్దామని ఫోన్ తీశాను.

“అది జేబులో పెట్టు. మెడ మీద ఏం తగులుతోంది?”

మెడ మీద ఏమీ తగలడం లేదు. కుడి చెవికి ఏదో చల్లగా తగులుతోంది. అదే చెప్పాను.

“చెవైనా ఫరవాలేదు,” అంది.

తర్వాత చాలా నేర్పింది. గాలి ఎక్కువైతే ఏం చెయ్యాలి అంటే, చేతిలో ఉన్న తెరచాప తాడు వదిలెయ్యాలట. వదిలేస్తే పడవ తనంతట తనే నిలదొక్కుకుంటుందట. వచ్చేటప్పుడు మాత్రం ఒక మాట అంది.

“పడవకు పెద్దగా ఏమీ చెయ్యకు. పాత తాళ్ళు మార్చు, వార్నిష్ వెయ్యి. చాలు.”

తలూపాను. పాపం, నేను ఉద్యోగమంతా లిఫ్టులు బాగుచేసినవాణ్ణని ఆవిడకు తెలియదు.

ఏప్రిల్ 7

వాన.

ఏప్రిల్ 10

స్తంభం నిలబెట్టడానికి మామూలుగా ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు కింద పట్టుకోవాలి, ఒకరు పైకి తొయ్యాలి. అది నాకు నచ్చలేదు. పాత కప్పీలు మూడు వెతికి తీసి, తాడు వేసి, ట్రైలర్ ముందుభాగానికి బిగించాను. ఇప్పుడు భుజం నొప్పి ఉన్న మనిషి కూడా ఒంటిచేత్తో లాగితే స్తంభం పైకి లేస్తుంది, బద్ధకంగా నిద్రలేచిన మనిషిలా.

నాకు భుజం నొప్పేం లేదు. ముందుజాగ్రత్త.

ఏప్రిల్ 13

మధ్యాహ్నం పడవలోనే పడుకున్నాను. పెరట్లో, ట్రైలర్ మీద, నా దగ్గరికొచ్చాక ఇంకా నీళ్ళు చూడని పడవలో. కొత్త వార్నిష్ వాసన, పైన ఆకుల్లోంచి చిల్లులు పడ్డ ఎండ. పడవ అడుగున పడుకుంటే ఆకాశం తప్ప ఇంకేం కనబడదు. ఇల్లు లేదు, గోడ లేదు, గోడ మీద ఆరని బట్టలు లేవు.

కలొచ్చింది. ఇల్లంతా నీళ్ళు. ముంచేసే నీళ్ళు కావు, మోకాలి దాకా, గోరువెచ్చగా. పడవ గదిలోంచి గదిలోకి పోతోంది. గుమ్మాలు ఒక్కొక్కటే పక్కకు ఒత్తిగిలి దారి ఇస్తున్నాయి. వంటగదిలో ఆవిడ నీలం రబ్బరు చెప్పులు తేలుతున్నాయి. ఆవిడ లేదు. గొంతు మాత్రం గోడ అవతల ఎక్కడో, ఆసుపత్రిలో రోజూ చెప్పే మాటే చెబుతోంది. ఊపిరి పీల్చండి. బిగపట్టండి. కదలకండి. బిగపట్టాను. ‘వదలండి’ అంటుందని చూస్తున్నాను. చూస్తూనే ఉన్నాను.

మెలకువ వచ్చేసరికి ఎండ ముఖం మీదికి వచ్చేసింది.

ఏప్రిల్ 14

ఫోన్ రాలేదు. నేనూ చెయ్యలేదు. షిఫ్టులు ఎలా ఉన్నాయో ఏమో.

ఏప్రిల్ 19

ఇవాళ నీళ్ళలోకి దించాను.

టీచరమ్మ ఒడ్డున కూర్చుని ఉంది. నేనొక్కణ్ణే వెళ్ళాను. ట్రైలర్ మీంచి జారేటప్పుడు పడవ ఒక చప్పుడు చేసింది, దాహంగా ఉన్నప్పుడు మొదటి గుక్క తాగితే గొంతు చేసే చప్పుడు. అంతే, ఇక బరువు లేదు. పెరట్లో నన్ను చంపుకుతిన్న బరువంతా ఎక్కడికి పోయిందో! ఒక్క వేలితో తోస్తే కదులుతోంది.

తెరచాప ఎత్తాను. కాసేపు అది ఆరేసిన దుప్పటిలా కొట్టుకుంది. తాడు బిగించాను. కొట్టుకోవడం మానేసింది, పొట్ట నింపుకుంది, పడవ నడిచింది. మోటారు లేదు, తెడ్డు లేదు, ఎవరూ తొయ్యడం లేదు. ఒడ్డు వెనక్కి పోతోంది. టీచరమ్మ కుర్చీ ఒక చుక్క అయింది. అవతలి కొండ నీళ్ళలో తలకిందులుగా ఉంది, ఆ కొండ మీదినుంచే నేను పోతున్నాను. అడుగున గలగలమని ఒకటే శబ్దం, పక్కగదిలో ఎవరో నెమ్మదిగా మాట్లాడుకుంటున్నట్టు.

“చూశావా, ఎంత ఒరిగినా పడటం లేదు,” అన్నాను పైకే. “భయపడకు. ఆ పక్కన కూర్చో. తాడు అలా కాదు, ఇలా పట్టుకో. కాదు కాదు, ఇలా. ఇటివ్వు, నేను పట్టుకుంటాను.”

ఎదురుగా ఎవరూ లేరు. ఒక నీటికాకి మునిగి, ఎక్కడో దూరంగా తేలింది.

ఏప్రిల్ 21

తోడల్లుడు వచ్చాడు. పడవ చుట్టూ చెప్పుల చప్పుడుతో రెండుసార్లు తిరిగి, లోపలికి తొంగిచూసి, “అన్నయ్యా, ఇందులో లిఫ్టు పెట్టలేదా ఇంకా?” అన్నాడు. వాడి హాస్యం వాడిది.

కాఫీ ఇచ్చాను. తాగుతూ, నేను అడక్కుండానే చెప్పాడు.

“వదినగారు బాగానే ఉన్నారు. మా ఇంట్లో చెంచాలు ఎక్కడ పడితే అక్కడ పెట్టేస్తున్నారు. నిన్న ఒకటి పూలకుండీలో దొరికింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకటే నవ్వు.”

“దేనికి?”

“ఏమో, చెంచా చూపించి నవ్వుతారు. నాకేం అర్థం కాలేదు.” కప్పు కింద పెట్టి అన్నాడు. “మీరోసారి రావచ్చుగా?”

“చూస్తాను. పడవ పని చాలా ఉంది.”

“పడవెక్కడికి పోతుంది అన్నయ్యా,” అని లేచాడు.

ఏప్రిల్ 22

చెంచాల సంగతి. ఒకే అరలో చిన్నవీ పెద్దవీ కలిపి పడేస్తే కావలసింది దొరకడానికి ఎంత సేపు పడుతుంది? రిటైరయ్యాక ఇంట్లో ఉండి చూశాను కాబట్టి తెలిసింది. అందుకే అర లోపల చెక్కలు కొట్టి విడివిడిగా గళ్ళు చేశాను. డబ్బాల మీద చీటీలు అంటించాను, పప్పు, చక్కెర, కాఫీపొడి అని. స్టవ్ పక్కన గిన్నెలు ఎత్తు ప్రకారం పెట్టాను. బస్సు ఎప్పుడొస్తుందో చూసి, గుమ్మం దగ్గర నిలబడి గుర్తు చేసేవాణ్ణి. ఇదంతా ఎవరికోసం చేశాను?

ఓ రోజు ఆవిడ కాఫీపొడి డబ్బా పట్టుకుని, చీటీ వైపు చాలాసేపు చూసింది. “ఇందులో కాఫీపొడి ఉందని నాకు తెలియదనుకున్నారా?” అంది. మామూలుగానే అంది. మర్నాడే బట్టలు సర్దుకుంది.

షిఫ్టుల వల్లే.

మే 2

పడవకు బల్ల బిగించాను. మడిస్తే మడత పడుతుంది. కాఫీ ఫ్లాస్కు పెట్టుకోవడానికి గుంట కూడా చేశాను.

మే 5

నీడ కోసం పైన గుడ్డ, దానికి ఇనుప గొట్టాల చట్రం. కూర్చునే చోట మెత్తలు కుట్టించాను. ఎంత ఎత్తు పెట్టాలో తెలియక హాల్లో కిటికీ పక్కనున్న పొట్టి కుర్చీని కొలిచి అదే ఎత్తు పెట్టించాను. ఆ కుర్చీలో నేను ఎప్పుడూ కూర్చోను, నా మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి.

మే 8

బ్యాటరీ. చిన్న ఫ్యాను. సామాన్ల పెట్టె. మంచినీళ్ళ క్యాను. ఒక అద్దం కూడా, ఎందుకో తెలియదు, పెట్టాను. బాగుంది.

పెరట్లో కూర్చుని చూస్తుంటే చిన్న ఇల్లులా ఉంది. ఫ్యాను వేసుకుని పడుకున్నాను. ఇవాళ కల రాలేదు.

మే 11

ఎడమ మోచేతికి కట్టుంది. కాగితం కదలకుండా బరువు పెట్టి రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాయాలి.

ఒడ్డున టీచరమ్మ పడవను చూసి, “ఏం బాబూ, ఇల్లు ఖాళీ చేస్తున్నావా?” అంది.

“సౌకర్యంగా ఉంటుందని…”

“ఆ బల్లెందుకు?”

“కాఫీ పెట్టుకోవడానికి.”

“చేతులు లేవా?”

నవ్వేసి బయల్దేరాను. పడవ కదలడానికే చాలాసేపు తీసుకుంది. సరస్సు మధ్యకు వెళ్ళాక అవతలి కొండ సందులోంచి ఒక్కసారిగా గాలి కొట్టింది. నీళ్ళ మీద నల్లటి మరక పరిగెత్తుకుంటూ రావడం చూశాను కూడా. తాడు వదిలెయ్యాలి, అంతే. వదిలేశాను. తాడు బల్ల కాలికి చుట్టుకుంది. తెరచాప వదలడం లేదు. పడవ ఒరిగింది. బ్యాటరీ జారి ఒరిగిన వైపే పోయింది, పెట్టె దాని వెనకే పోయింది, క్యాను వాటి వెనకే. పక్క చెక్క మీంచి నీళ్ళు లోపలికి పోటెత్తాయి. అద్దంలో నా ముఖం కనబడింది. అలాంటి ముఖం నాకుందని తెలియదు.

నేను బల్ల కాలిని పట్టుకుని గుంజాను. నేనే బిగించాను కదా, ఊడదు. అంత గట్టిగా బిగించినవాణ్ణి తిట్టుకున్నాను. చివరికి నీడ కోసం కట్టిన ఇనుప చట్రం గాలికి వంగి, విరిగి, నా మోచెయ్యిని కొట్టి నీళ్ళలో పడింది. అది పడుతూ తాడును బల్ల కాలి మీంచి లాగేసింది. తాడు వదులైంది. పడవ ఒక్క ఊగు ఊగి, ఏమీ జరగనట్టు నిటారుగా నిలబడింది.

పడవ సగం నీళ్ళు. ఫ్లాస్కు మూతతో తోడాను. చేపలు పట్టేవాళ్ళు వచ్చి తాడు కట్టి ఒడ్డుకు లాగారు. టీచరమ్మ కుర్చీ వదిలి, కర్ర వదిలి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉంది. తన శాలువా తీసి నాకు కప్పింది.

మే 12

ఒళ్ళంతా నొప్పులు. తోడల్లుడు ఫోన్ చేస్తే జరిగింది చెప్పాను.

మే 13

పొద్దున్నే ఫోన్. హలో లేదు.

“మీకు ఈత రాదు,” అంది.

“కొంచెం వచ్చు.”

“ఆ కొంచెం పెళ్ళయిన ఏడాదే చూశాను. నడుం లోతు నీళ్ళలో.”

నాకు నవ్వొచ్చింది. ఆవిడకు రాలేదు, లేదా వస్తే మింగేసింది.

“లైఫ్‌జాకెట్ వేసుకున్నాను.”

“మోచెయ్యి వంచండి.”

“ఫోన్లోనా?”

“వంచండి.”

వంచాను. అబ్బా అన్నాను.

“పదింటికి ఆసుపత్రికి రండి. నా గదికే రండి,” అని పెట్టేసింది.

వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆ గదిలోకి అడుగుపెట్టడం ఇదే మొదలు. చల్లగా, మసకగా ఉంది, నీళ్ళ అడుగున ఉన్నట్టు. ఆవిడ ఎక్స్‌రే నుంచి కాపాడే బరువైన సీసపు కోటు వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. ఏ స్విచ్చు ఎక్కడుందో చూడటం లేదు, చెయ్యి దానంతట అదే వెళ్తోంది. నాకొక్క చీటీ కూడా కనబడలేదు.

నా చెయ్యి బల్ల మీద పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే సర్దింది. అంత దగ్గరగా వచ్చి చాలా రోజులైంది.

“ఇంటికి ఎందుకు రావడం లేదు?” అన్నాను. అడగాలని అనుకోలేదు.

నా మణికట్టు కొంచెం తిప్పింది. “మీరు రిటైరయ్యాక ఇంట్లో నాకు చెయ్యి పెట్టడానికి చోటు లేకుండా పోయింది.”

“నేను సాయం చేద్దామనే కదా…”

“తెలుసు. అదే కష్టం. తిట్టడానికి కూడా వీల్లేదు.” లేచి తెర వెనక్కి వెళ్ళింది. “కదలకండి.”

కదల్లేదు. యంత్రం చిన్నగా మూలిగింది.

“అయింది. కదలొచ్చు,” అంది.

నేనింకా కాసేపు అలాగే కూర్చున్నాను.

ఎముక విరగలేదు, వాచిందంతే. గుమ్మం దాకా వచ్చి, “ఆ టీచరమ్మ నంబరు ఇవ్వండి,” అంది. ఎందుకని అడగబోయాను. నోటిదాకా వచ్చింది. ఇచ్చేశాను.

మే 14

చీటీలు పీకాను. జిగురు వదల్లేదు. రంగులు కడిగే టర్పెంటైన్‌తో రుద్దాను. వంటగదంతా పడవ వాసన. చెంచాల అరలో చెక్కలు కూడా ఊడదీశాను, చెంచాలన్నీ కలిపి లోపలికి ఒంపేశాను. భలే చప్పుడు చేశాయి.

మే 17

పడవలోంచి తీసినవి: బల్ల, బ్యాటరీ, ఫ్యాను, పెట్టె, అద్దం. మెత్తలు ఉంచాను. కప్పీలు కూడా ఉంచాను, అవి నిజంగా బాగున్నాయి. తీసిన చోటల్లా మేకుల చిల్లులు. ఒక్కొక్కటీ పూడ్చి, ఆరాక సానబెట్టి, రంగు వేశాను. దగ్గరికెళ్ళి చూస్తే తెలుస్తుంది. తెలియనీ.

మే 24

ఆదివారం. తొమ్మిదింటికి సరస్సు దగ్గరికి పడవ తెమ్మని టీచరమ్మ ఫోన్ చేసింది. తీసుకెళ్ళాను. ఒడ్డున మా ఆవిడ ఉంది! చెల్లెలి టోపీ పెట్టుకుని, ప్యాంటు కాళ్ళు మడిచి, లైఫ్‌జాకెట్ అప్పటికే బిగించుకుని.

పడవ ఎక్కబోయాను.

“మీరు కాదు,” అంది. “టీచరమ్మా, నేనూ.”

“ఆవిడ మోకాళ్ళు…”

“నేను పట్టుకుంటానుగా. రోజూ చేసే పనే.”

నిజమే. టీచరమ్మ చంకల కింద చేతులు వేసి, ఊపిరి పీల్చండి అని, ఒక్క ఊపున పడవలోకి చేర్చేసింది. టీచరమ్మ చిన్నపిల్లలా కిసుక్కున నవ్వింది. ఎన్నాళ్ళైందో మరి, పడవెక్కి. కర్ర నా చేతికిచ్చారు. పడవను తోసే పని కూడా నాకే ఇచ్చారు. తోశాను.

తెరచాప ఎత్తేటప్పుడు మా ఆవిడ తాడు తప్పువైపునుంచి లాగుతోంది. చెప్పాలని నాలుక లేచింది. టీచరమ్మ కూడా చూస్తోంది, ఏమీ అనడం లేదు. కాసేపటికి తనే చూసుకుని, విప్పి, మళ్ళీ కట్టింది. గాలి పట్టింది. ఇద్దరూ నా వైపు చూడకుండానే వెళ్ళిపోయారు.

ఖాళీ ట్రైలర్ మీద కూర్చున్నాను. తెరచాప ముందు గోడంత, తర్వాత తలుపంత, తర్వాత రుమాలంత అయింది. ఒకసారి బాగా ఒరిగింది, నేను లేచి నిలబడ్డాను. మళ్ళీ నిలదొక్కుకుంది. నీళ్ళ మీదినుంచి నవ్వు వినబడింది, ఎవరిదో తెలియలేదు. కొండ మలుపు తిరిగారు. ఇక ఏమీ కనబడలేదు. సరస్సు మీద వెలుతురు తప్ప ఏమీ లేదు. ఆ వెలుతురు కేసి చూస్తూ కూర్చున్నాను. కంగారు పడ్డాను, తర్వాత విసుక్కున్నాను, తర్వాత ఏమయిందో గాని ఏమీ అనుకోకుండా ఉండిపోయాను. అంతసేపు చేతులు ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం నాకు గుర్తున్నంతలో ఇదే.

వచ్చేసరికి ఇద్దరి ముఖాలూ ఎండకు కందిపోయాయి. ఏం మాట్లాడుకున్నారని నేను అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు.

“వచ్చే ఆదివారం డ్యూటీ ఉంది,” అంది ఆవిడ బస్సెక్కుతూ. “ఆ పై ఆదివారం మీరు కూడా రండి.”

నా పడవకే నన్ను రమ్మంది.

జూన్ 9

పొద్దుటి షిఫ్టు వారం చెల్లెలి ఇంట్లో, మధ్యాహ్నం షిఫ్టు వారం ఇక్కడ. ఇది ఆవిడ ఏర్పాటు. తోడల్లుడు, “మా ఇంట్లో మంచం ఖాళీ అవుతుందనుకున్నానే,” అని నిట్టూర్చాడట.

నిన్న సాయంత్రం నీలం చెప్పులు గుమ్మం దగ్గర ఉన్నాయి, ఒకటి ఇటూ ఒకటి అటూ. దాటుకుని లోపలికి వచ్చాను.

జూన్ 21

ఇవాళ ఇద్దరమే వెళ్ళాం. సరస్సు నడుమకు చేరేసరికి గాలి పూర్తిగా పడిపోయింది. తెరచాప వేలాడింది. నీళ్ళు అద్దమైపోయాయి. ఒక మబ్బు పైన, ఒక మబ్బు కింద, మేం మధ్యలో.

ఆవిడ కాసేపు చుక్కాని పట్టుకుని చూసింది, దాంతో పని లేదని నాకిచ్చేసి, సీటు మీద వెల్లకిలా పడుకుంది. టోపీ ముఖం మీద పెట్టుకుంది. వారమంతా అరవైమందిని ఎత్తి దించిన మనిషి. నిమిషంలో నిద్రపోయింది. పాదాలు నా పక్కనే, పడవ చిన్నగా ఊగినప్పుడల్లా నా మోకాలికి తగులుతున్నాయి.

పడవ దానిష్టం వచ్చినట్టు పోతోంది. తెడ్డు ఉంది. వెయ్యొచ్చు. రెల్లు వైపు కొట్టుకుపోతున్నామని తెలుస్తూనే ఉంది, మేం బయల్దేరిన ఒడ్డు ఏ పక్కకు పోయిందో కాసేపటికి నాకే అంతుపట్టలేదు. మధ్యాహ్నపు వెలుతురులో ఒడ్డులన్నీ ఒకేలా ఉన్నాయి. తెడ్డు ముట్టుకోలేదు. ఆవిడ నిద్ర పాడవుతుందని కాదు. అలా పోవడం బాగుంది.

రెల్లు పొదలు దగ్గరికొచ్చి పడవను రాసుకున్న చప్పుడుకు కళ్ళు తెరిచింది.

“ఎక్కడున్నాం?” అంది నిద్ర గొంతుతో.

చీకటి గొట్టంలో లిఫ్టు పైన నిలబడి, తాళ్ళ చప్పుడును బట్టి ఏ అంతస్తులో ఉన్నానో చెప్పగలిగినవాణ్ణి.

“తెలియదు,” అన్నాను.

మోచేతి మీద లేచి, చుట్టూ ఒకసారి తేరిపార చూసింది. నా ముఖం కూడా చూసింది. మళ్ళీ పడుకుంది.

“కాస్త ఇటు జరగండి,” అంది, టోపీ కిందనుంచి. “కాళ్ళ మీద ఎండ పడుతోంది.”

జరిగాను. నా నీడ ఆవిడ పాదాల మీద పడింది. గాలి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.